రెవరెండ్ బెల్లింజర్ పేరులో సగం

చర్చి హాలు గోడకు కట్టిన బ్యానరు మీద తండ్రి ముఖం చూసినప్పుడు అర్లీథా బెల్లింజర్‌కు కలిగింది దుఃఖం కాదు, వెగటు. ఆ ఫోటో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలిసినదే. తెల్లవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టిన సముద్రపు ఒడ్డున, మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పోలీసు చేయి భుజం మీద పడుతున్న క్షణంలో వెనక్కి తిరిగి నవ్విన జోసయా బెల్లింజర్. బ్యానరు తయారుచేసినవాళ్లు పోలీసును కత్తిరించేశారు. చేయి మాత్రం మిగిలిపోయింది. ఎవరో పాత స్నేహితుడు ఆప్యాయంగా భుజం తడుతున్నట్టుంది. కింద పెద్ద అక్షరాల్లో ఇలా రాశారు: "వీలునామా: రెవరెండ్ బెల్లింజర్ జీవితం మనకు నేర్పే పాఠాలు."

"ఆ చేయి చూశావటే?" అంది పక్కన కూర్చున్న హెస్టర్ అత్త. తండ్రికి ఆఖరి చెల్లెలు ఆమె, తొంభై దాటిన మనిషి. "మా అన్నయ్యను జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చిన చేయి. ఇప్పుడు శభాష్ అంటోంది."

"మెల్లగా అత్తా, వింటారు."

"విననీ. చెవులు పోయింది నాకు, వాళ్లకు కాదుగా."

హాల్లో వాసన కూడా అర్లీథాకు గిట్టలేదు. పెళ్లయినా, చావయినా, మీటింగయినా ఆ హాల్లో వంట చర్చి ఆడవాళ్లే చేస్తారు. టమాటాలతో వండిన ఎర్రన్నం, బెండకాయ రొయ్యల పులుసు ఉండి తీరాలి. ఈ రోజు వంటగదికి తాళం వేసి, పట్నంనుంచి వ్యానులో తెచ్చిన అల్యూమినియం ట్రేలు బల్లలమీద పరిచారు. వాటిలో పీత వడలు చల్లారిపోయి, అడుగున నూనె తెల్లగా పేరుకుంది. తండ్రి పోయిన రోజున సైతం ఈ హాల్లో బయటి తిండి పెట్టలేదు.

పాఠాల కోసం ఆమె రాలేదు. వచ్చే నెల మొదటి సోమవారం కోర్టు మెట్లమీద బెల్లింజర్ల భూమి వేలానికి వస్తోంది. భూమి అంటే ఆమె ఉంటున్న ఇల్లు, ఆమె తల్లీ తండ్రీ పడుకున్న సమాధులు, వాటి వెనక ఓక్ చెట్లు, ఆ వెనక ఉప్పు కాలువ, దాని అవతల సముద్రం. తమ్ముడు థర్మన్ ముందు రోజు ఫోను చేసి, "మీటింగుకు రా అక్కా, ఇల్లు నిలబడే దారి ఒకటుంది" అన్నాడు. ఆ ఒక్క వాక్యం ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టింది.

హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన అర్లీథాకు ఏ జబ్బునైనా అది మొదలైన చోటు దాకా వెతుక్కుంటూ పోవడం అలవాటు. ఈ జబ్బు మొదలైన చోటు ఆమెకు తెలుసు. బానిసత్వం పోయిన కొత్తలో ఆమె ముత్తాత కొన్న నేల అది. ఆయన కొడుకు, అంటే ఆమె తాత, చదువుకున్నవాణ్ననే ధీమాతో వీలునామా రాసి కోర్టుకు పట్టుకెళ్లాడు. గుమాస్తా దాన్ని సరిచూసి పెడతానని లోపలికి తీసుకుపోయాడు. ఆ కాగితం మళ్లీ బయటికి వచ్చేసరికి అందులో నదివైపు పొలం లేదు. మరుసటి కారుకు ఆ పొలంలో గుమాస్తా బావమరిది పత్తి వేశాడు. అప్పటినుంచి బెల్లింజర్ల ఇంట్లో ఒకటే నియమం: భూమి గురించిన ఏ కాగితమూ ఆ కోర్టు గడప దాటకూడదు. భూమి అందరిదీ. అందరిదీ కనుక ఏ ఒక్కడూ అమ్మలేడు. అమ్మలేడు కనుక అది ఎప్పటికీ పోదు. అమెరికా దక్షిణ తీరాన ఉన్న ఈ హాలెట్ దీవిలో ప్రతి నల్ల కుటుంబమూ ఇలాగే అనుకుంది. అలాంటి నేలను వారసుల భూమి అని పిలిచారు. గర్వంగానే పిలిచారు.

ఆ తర్కంలో మొదటి మెట్టు మాత్రమే నిజం. చట్టం లెక్కలో అందరిదీ అంటే ఒక్కొక్కరిదీ అని అర్థం. ఎక్కడో ఉన్న ఒక వారసుడు తన చిటికెడు వాటా అమ్మితే చాలు, కొన్నవాడు కోర్టుకెక్కి, దీన్ని ముక్కలు చేయడం కుదరదు, మొత్తం అమ్మి డబ్బు పంచండి అని అడగవచ్చు. కోర్టు సరేనంటుంది. న్యూవార్క్‌లో ఉండే చిన్నాన్న కొడుకు వెండెల్ వాటా అమ్మాడు. విల్లాలు కట్టే కంపెనీ ఏదో కొన్నది. కోర్టు సరేనన్నది. కాగితానికి భయపడి భూమిని దాచుకున్నవాళ్లు, కాగితం లేనందువల్లే దాన్ని పోగొట్టుకుంటున్నారు.

వారసులందర్నీ ఒక చోట కూర్చోబెట్టి, ఈ భూమి అమ్మకానికి లేకుండా ఒకే పత్రం మీద సంతకాలు పెట్టించగల మనిషి ఒక్క జోసయా బెల్లింజరే. దీవిలో ప్రతి గడపా తొక్కి, తన వంటగది బల్ల చుట్టూ ముసలివాళ్లను చేర్చి, ఓటుకు పెట్టే పరీక్ష కోసం వాళ్ల చేత రాజ్యాంగం చదివించి, అదే కోర్టుకు నడిపించి ఓటరు పుస్తకంలో పేర్లు రాయించినవాడు. వందలమందిని ఆ గడప దాటించాడు. తన కుటుంబపు కాగితాన్ని మాత్రం దాటించలేదు. ఆయన మంచం పట్టాక అర్లీథా ఒకసారి అడిగింది.

"నాన్నా, నువ్వు పిలిస్తే అందరూ వస్తారు. భూమికి ఒక పత్రం రాయిద్దాం. నీకూ ఒక వీలునామా. లాయర్ని ఇంటికే పిలుస్తాను."

"ఆ కోర్టుకు నేను హక్కు అడగడానికి వెళ్లానమ్మా. దయ చూడండని మా కాగితాలు వాళ్ల చేతిలో పెట్టడానికి కాదు."

"ఇందులో దయ ఏముంది?"

"మా నాన్న కూడా నీలాగే అనుకున్నాడు." ఆయన కళ్లు మూసుకున్నాడు. "అయినా ఉన్నది మీరిద్దరేగా, నువ్వూ థర్మనూ. నా పిల్లల మధ్య నాకు కాగితం కావాలా?"

తండ్రి జీవితంలో ఆమె చూసిన పిరికితనం అదొక్కటే. ఆయన దానికి ఆత్మగౌరవం అని పేరు పెట్టుకున్నాడు.

థర్మన్ మైకు దగ్గరికి వచ్చాడు. నెత్తిమీద గోధుమరంగు ఫెల్ట్ టోపీ ఉంది. అంత్యక్రియల నాటినుంచి ఆ టోపీ కోసం అర్లీథా ఇల్లంతా వెతికింది. తండ్రి తలకు అది సరిగ్గా సరిపోయేది. థర్మన్ చెవులదాకా దిగింది. అట్లాంటాలో ఉంటూ, 'రెవరెండ్ బెల్లింజర్ కుమారుడు' అని కార్డు కొట్టించుకుని, బ్యాంకుల్లో కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చి బతికే మనిషి అతను.

"పెద్దలారా, అమ్మలారా! మా నాన్న జైలుకు భయపడ్డాడా?"

"లేదు!" అంది హాలు.

"పోలీసు కుక్కలకు భయపడ్డాడా?"

"లేనే లేదు! చెప్పయ్యా!"

"మరి దేనికి భయపడ్డాడు?" తండ్రి ఎక్కడ ఆగేవాడో అక్కడే ఆగి, తండ్రి తగ్గించినంతే గొంతు తగ్గించాడు. "ఒక చిన్న కాగితానికి భయపడ్డాడమ్మా. ఆ ఒక్కటీ రాసి ఉంటే, మా వెండెల్ తాగిన మైకంలో ముక్కూ మొహం తెలియనివాళ్లకు మా నేల అమ్మగలిగేవాడా? మా అక్క ఈ రోజు ఇల్లు పోయే మనిషిలా ఇక్కడ కూర్చునేదా?" జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

"వీడికి ఏడుపు ఎప్పుడు రావాలో ఎవరో రాసిచ్చారే," అంది హెస్టర్ అత్త.

అతని మాటల్లో సగం నిజం ఉంది. అర్లీథాకు సహించనిది ఆ సగం నిజమే. ఇన్నేళ్లూ తన గుండెలో ఉన్న ఫిర్యాదును ఎవరో తీసి, శుభ్రంగా ఇస్త్రీ చేసి, మైకులో అమ్ముతున్నట్టుంది.

తర్వాత గులాబీరంగు కోటు వేసుకున్న తెల్లామె లేచింది. పేరు మిస్ కింబ్రెల్. కుటుంబాలకు ఆస్తి వ్యవహారాల్లో సలహా ఇచ్చే సంస్థ తరఫున వచ్చిందని థర్మన్ పరిచయం చేశాడు. ఆమె గొంతు మెత్తగా, తియ్యగా ఉంది.

"రెవరెండ్ గారి జీవితం నుంచి మొదటి పాఠం, ఆలస్యం చేయకూడదు. రెండోది, మీకున్నదాన్ని నమ్మకమైన నిపుణుల చేతిలో పెట్టాలి."

"మా అన్నయ్య జైల్లో ముందు పళ్లు పోగొట్టుకుంది కూడా నిపుణుల చేతిలోనే," అంది హెస్టర్ అత్త, ఈసారి హాలంతా వినేట్టు. వెనక వరుసల్లో నవ్వారు. మిస్ కింబ్రెల్ కూడా నవ్వింది. ఎందుకు నవ్వారో ఆమెకు తెలిసినట్టు లేదు.

ఆ నవ్వు ఆగేలోపు వెనక తలుపు దగ్గర ఒక సన్నటి మనిషి చేయెత్తాడు. నలిగిన కోటు వేసుకుని, మెడకు టై బిగించి కట్టుకున్నాడు. న్యూవార్క్‌నుంచి బస్సులో వచ్చినవాడి ముఖం. అర్లీథా గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఎప్పుడూ ఉబ్బి ఉండే వెండెల్ చెంపలు లోపలికి పోయాయి.

"థర్మనన్నా, ఒక్క మాట. ముక్కూ మొహం తెలియనివాళ్లకు అమ్మానన్నావు. తెలుసు కదన్నా. నువ్వే కదా పరిచయం చేసింది."

"వెండెల్, మళ్లీ తాగొచ్చావు. కూర్చో."

"తాగలేదన్నా. మానేశాను. అప్పుడు తాగి ఉన్నమాట నిజమే, నువ్వు పోయించావు గనక." అతను మనుషుల మధ్యనుంచి ముందుకు నడిచాడు. "మా ఇంటికొచ్చి కారెక్కించుకున్నావు. ఈ గులాబీ కోటు మేడమ్ ఆఫీసుకే తీసుకెళ్లావు. 'పెదనాన్న పేరుతో మ్యూజియం కడతారు, చిన్న సంతకం పెట్టు' అన్నావు. పెట్టాను. బయటికొచ్చాక పెద్ద హోటల్లో భోజనం పెట్టించావు. బిల్లు ఈమే కట్టింది. మేడమ్, గుర్తుపట్టలేదా? మీరు నా టై బాగుందన్నారు. ఇదే టై."

మిస్ కింబ్రెల్ చిరునవ్వు చెదరలేదు. "ఈ రోజు మనం గతం గురించి కాకుండా భవిష్యత్తు గురించి మాట్లాడుకుంటే బాగుంటుందండీ."

పాస్టరు కంగారుగా పాట ఎత్తుకున్నాడు. ఒక్క గొంతూ అందుకోలేదు. చర్చి మహిళల అంత్యక్రియల సంఘానికి పెద్ద అయిన యూలా గ్రూమ్స్ లేచి, తన పళ్లెంలోని పీత వడలను చెత్తబుట్టలో దులిపి, ఖాళీ పళ్లెం తెచ్చి మిస్ కింబ్రెల్ ముందు బల్లమీద పెట్టింది. రెండో ఆమె లేచింది. తర్వాత వరుసంతా లేచింది. పళ్లేలు ఒకదానిమీద ఒకటి పడే చప్పుడు మాత్రం వినిపించింది.

పాస్టరు గదిలోకి అక్కను తీసుకుపోయి థర్మన్ తలుపేశాడు. మిస్ కింబ్రెల్ అప్పటికే లోపల ఉంది. హెస్టర్ అత్త వెనకే వచ్చి కుర్చీలో కూలబడింది.

"అత్తయ్యా, నువ్వు బయట కూర్చో."

"చెవిటిదాన్నిరా, ఇక్కడుంటే నీకేం?"

థర్మన్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "అక్కా, తిట్టేది తర్వాత తిట్టు. ముందు విను. ఆ భూమి ఎప్పుడో పోయింది. వెండెల్ కాకపోతే ఇంకొకడు అమ్మేవాడు. పోయేదాన్లోంచి నీకు కాస్త మిగల్చాలని చూశాను."

"వాణ్ని తాగించి మిగిల్చావా?"

మిస్ కింబ్రెల్ ముందుకు వంగింది. "అర్లీథా గారూ, విల్లాల కంపెనీ తరఫున చెబుతున్నాను, వేలం పూర్తయ్యాక మీ ఇల్లూ, సమాధుల స్థలమూ మీ పేరనే రాసిస్తాం. మీరు ఉన్నంతకాలం కాదు, శాశ్వతంగా. మీ తమ్ముడు మాకు వారసత్వ సలహాదారుగా ఉంటారు. బదులుగా మేం కోరేది ఒకటే. మా విల్లాలకు బెల్లింజర్ తీరం అని పేరు పెట్టుకుంటాం. గేటు దగ్గర రెవరెండ్ గారి చిత్రం ఉంటుంది."

"గేటా?"

"కాపలా ఉండే గేటు. నివాసుల భద్రత కోసం."

"సముద్రపు ఒడ్డు గేటుకు ఇటా, అటా?"

"లోపలేనండీ. నివాసులకు ప్రత్యేకం."

అర్లీథాకు తన అరచేతులు తడిసినట్టు, వాటికి ఏదో జిగురు అంటినట్టు అనిపించింది. "ఏ నీళ్లలో దిగినందుకు ఆయన్ను జైల్లో పెట్టారో, ఆ నీళ్లకు గేటు కట్టి, ఆ గేటుమీద ఆయన ముఖం పెడతారా?"

"అప్పటికీ ఇప్పటికీ ముడిపెట్టకక్కా," అన్నాడు థర్మన్. "ఇప్పుడు తెల్లవాళ్లకే అనరు. డబ్బున్నవాళ్లకు అంటారు. కావాలంటే నేనూ కొనుక్కోవచ్చు."

"అయితే సంతకం నువ్వే పెట్టుకో. నన్నెందుకు అడుగుతున్నారు?"

"నాన్న వీలునామా రాయలేదుగా. ఆయన పేరూ, బొమ్మా, మాటలూ మనిద్దరికీ చెరిసగం. ఇద్దరం పెడితేనే చెల్లుతుంది."

"నేను పెట్టకపోతే?"

థర్మన్ నిట్టూర్చాడు. "నీకు డెబ్భై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. గుండెకు మందులు వేసుకుంటున్నావు. నువ్వు పెట్టకపోతే మేం కొంచెం ఆగుతాం, అంతే. నీ సగం నాకు కాక ఎవరికొస్తుంది?"

ఆ మాటలో ద్వేషం లేదు. కాస్త ఆలస్యమైనా తప్పక వచ్చే బస్సు గురించి చెప్పినట్టు చెప్పాడు. అతను తిట్టి ఉన్నా, బెదిరించి ఉన్నా ఆమెకు ఇంత రోత పుట్టేది కాదు. బల్లమీది టోపీ తీసుకుని, లోపలి పట్టీని ఒకసారి చూసింది. అతని తలనూనె మరక అంటి ఉంది. టోపీ అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

ఇంటికి వెళ్లే దారిలో, కారులో, వంతెన దాటాక హెస్టర్ అత్త అంది, "సంతకం పెట్టేయవే."

"నువ్వా అనేది?"

"మీ అమ్మ అక్కడ పడుకుని ఉంది. మా అన్నయ్య పడుకుని ఉన్నాడు. పేరు ఎవడెక్కడ రాసుకుంటే ఏం, నువ్వు వానలో తడుస్తుంటే పేరు నిన్ను లోపలికి రానిస్తుందా?"

"నీకు అసహ్యంగా లేదా అత్తా?"

"ఎందుకు లేదు? తెల్లవాళ్ల వంటిళ్లలో నా బతుకంతా చేశాను. వాళ్ల పిల్లలు నా కళ్లముందే మా అమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు. అసహ్యం దిగమింగుకుంటూనే మా పిల్లలకు తిండి పెట్టాను. నీకు పెన్షనుంది కాబట్టి అసహ్యపడగలుగుతున్నావు."

అర్లీథాకు అది న్యాయమైన మాటే అనిపించింది. అందుచేతనే ఆమె మరునాడు వెంటనే వద్దనలేదు. కొన్ని రోజులు ఆ ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. తను పుట్టిన గది, తండ్రి పోయిన గది, ఉప్పుగాలికి ఊడిపోతున్న కిటికీ రెక్కలు. సంతకం పెడితే ఇవన్నీ ఉంటాయి. ఎంతకాలం? తనకున్న కాలం. ఆ తర్వాత ఎవరు ఉంటారు? పిల్లలు లేని తను పోయాక ఇల్లు మళ్లీ ఎవరో ఒకరి చేతుల్లోకి పోతుంది. గేటు మాత్రం ఉంటుంది. గేటు బయట ఈ దీవి పిల్లలు బడి బస్సులో పోతూ ఆ పేరు చదువుతారు. చదివి ఏం నేర్చుకుంటారు? బెల్లింజర్ అంటే మనం లోపలికి పోకూడని చోటు అని నేర్చుకుంటారు. ఒక తరంలో ఆ పేరుకు ఆ అర్థమే మిగులుతుంది. ఆయన చేసినదంతా ఒకవైపు, ఆ గేటు ఒకవైపు పెడితే గేటే గెలుస్తుంది, ఎందుకంటే గేటు ప్రతిరోజూ కనిపిస్తుంది.

అక్కడిదాకా వచ్చాక నిర్ణయం సులువైంది. ఇల్లు పోయే బాధ మాత్రం అలాగే ఉండిపోయింది.

సంతకం పెట్టనని చెప్పడం చాలదని ఆమెకు తెలుసు. థర్మన్ ఆగుతానన్నాడు, ఆగుతాడు. ఆమె ఒక లాయరు దగ్గర వీలునామా రాయించి, వేలానికి ముందటి గురువారం దాన్ని భద్రపరచడానికి కోర్టుకు వెళ్లింది. ఓటు వేయడానికి, పన్ను కట్టడానికి ఎన్నోసార్లు ఎక్కిన మెట్లే. అయినా చేతిలో ఆ కాగితం ఉండేసరికి గడప దగ్గర కాళ్లు ఆగాయి. ఎవరూ ఆమెను ఆపలేదు. తాతను మోసం చేసిన గుమాస్తా చచ్చి ఏళ్లయింది, అతను పెట్టిన భయం మాత్రం ఆమెలో బతికే ఉంది. తండ్రి మంచం మీద కళ్లు మూసుకున్నప్పుడు ఏం చూశాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన్ను పూర్తిగా క్షమించలేదు. కానీ గడప దాటింది.

తండ్రి పేరులో తన సగాన్ని ఆమె అంత్యక్రియల సంఘం ఆడవాళ్లకు రాసింది, సభ్యులందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరికీ ఇవ్వరాదనే షరతుతో.

"అందరం ఒప్పుకోవడమా?" అంది యూలా గ్రూమ్స్, విని పకపకా నవ్వి. "చర్చి హాలు కిటికీలకు కర్టెన్లు ఏ రంగువో తేల్చుకోలేక ఎన్నాళ్లుగా బోసిగా వదిలేశామో చూడటం లేదా? ఆ కంపెనీవాడు మా దగ్గరికి రానీ, ముసలాడైపోయి పోతాడు."

సంగతి థర్మన్‌కు ఎలా తెలిసిందో గానీ, శుక్రవారం పొద్దున్నే ఫోను చేశాడు.

"నాన్న పేరును ఆ ముసలమ్మల చేతిలో పెట్టావా? నీ సొంత తమ్ముణ్ని నేనుండగా?"

"నువ్వుండబట్టే పెట్టానురా."

"నన్ను మరిచిపోయి రాశావని చెప్పి కోర్టులో కొట్టేయిస్తాను."

"అందుకే నీ పేరు కూడా రాయించాను. థర్మన్ బెల్లింజర్ నా తమ్ముడు, అతన్ని మరిచిపోయి కాదు, గుర్తుంచుకునే ఏమీ ఇవ్వడం లేదు అని. ఆలస్యం చేయకూడదని మైకులో చెప్పావుగా, విన్నాను."

"ఇల్లు పోతుందక్కా!"

"పోతుంది," అంది అర్లీథా. ఆ మాటను గట్టిగా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఫోను పెట్టేశాక వంటగది కుళాయి తిప్పి, ఆ మాటలు చేతులకు అంటుకున్నట్టు చాలాసేపు కడుక్కుంది.

సోమవారం వేలానికి దీవివాళ్లు చాలామంది వచ్చారు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు పోగుచేసిన డబ్బుతో వెండెల్ ముందు నిలబడి మొదటి పాట పాడాడు. కంపెనీ మనిషి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, మాట ఆపకుండానే వేలెత్తాడు. వెండెల్ ఇంకోసారి పాడాడు. ఆ మనిషి మళ్లీ వేలెత్తాడు. ఆ తర్వాత వెండెల్‌కు ఎత్తడానికి చేయి మాత్రమే మిగిలింది, డబ్బు లేదు. అంతా అయ్యాక అతను మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. అర్లీథా అతని పక్కన కూర్చుంది. థర్మన్ రాలేదు.

వేసవి రాకముందే ఇల్లు కూల్చేశారు. అర్లీథా వంతెన ఇవతల ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని హెస్టర్ అత్తను తనతో ఉంచుకుంది. అత్త రోజూ ఒకసారైనా, "సంతకం పెట్టి ఉంటే నా కిటికీలోంచి సముద్రం కనపడేది" అని సణిగేది. అర్లీథా వాదించేది కాదు. కనపడేదే.

మరుసటి ఏడు తల్లి పోయిన రోజున ఇద్దరూ పూలు తీసుకుని బయల్దేరారు. సమాధులకు వెళ్లేవాళ్లను ఆపకూడదని చట్టం ఉంది, పాసు అడగకూడదని మాత్రం లేదు. కొత్త రోడ్డు చివర తెల్లటి రాతి గోడలు, మధ్యలో ఇనపగేటు, దానిమీద ఒంటికాలిపై నిలబడ్డ కొంగ బొమ్మ. కొంగ తీరం అని బంగారురంగు అక్షరాలు. గుడిసెలాంటి గదిలోంచి జీతానికి కొత్తగా చేరిన నడివయసు కాపలామనిషి వచ్చి కారు కిటికీ దగ్గర వంగాడు.

"ఏ విల్లాకండీ?"

"విల్లాకు కాదు, సమాధులకు."

"పేరు?"

"బెల్లింజర్."

అతను చేతిలోని కాగితాలు తిరగేశాడు, ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి. "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరమ్మా. నేనెప్పుడూ వినను కూడా వినలేదు."

హెస్టర్ అత్త పక్కకు తిరిగి మేనకోడలి ముఖంలోకి చూసింది.

"ఇక్కడ వినపడకూడదనే ఇల్లు వదులుకున్నాను నాయనా," అంది అర్లీథా. "గేటు తీయి, పూలు వాడిపోతున్నాయి."